కనబడకూడని పేరా

ఆఫీసు, రెండో అంతస్తు
మార్చి 3

ఒరేయ్ పంతులూ,

అక్కని. ఆశ్చర్యపోకు, పనుండే రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే నా బల్లకీ మేనేజరు గదికీ మధ్య ఒక్క అద్దమే అడ్డం. పైగా ఇది నోటితో చదివి చెప్పే సంగతి కాదు.

మా కుట్టు ఫ్యాక్టరీలో పనివాళ్ళకి ఉత్తరాలు ఇదివరకు కాగితం మీద ఇచ్చేవాళ్ళం. ఇకనుంచి మెయిల్లో పంపాలట. పాత కంప్యూటరు ఆపరేటరు మానేస్తూ ఒక స్క్రిప్టు వదిలి వెళ్ళాడు. పట్టికలో పేర్లు పెట్టి దాన్ని నడిపితే ఒక్కొక్కరికీ వాళ్ళ పేరుతో ఉత్తరం వెళ్తుంది. వెళ్ళడమైతే వెళ్తోంది. నాకు నేనే పంపుకుని చూశాను. పేరు లావుగా రావాల్సిన చోట ముందొక బాణం గుర్తు, 'బి' అనే అక్షరం, ఇంకో బాణం గుర్తు. పేరు వెనకాలా అదే తంతు. ప్రతి పేరాకీ ముందూ వెనకా 'పి'. నగలు పెట్టుకోమంటే పెట్టెతో సహా మెళ్ళో వేసుకున్నట్టుంది.

మేనేజరు చూసి, "ఏంటమ్మా ఇది, ఉత్తరమా, ఎక్కాల పుస్తకమా?" అన్నాడు. అద్దం అవతల ఇద్దరు నవ్వారు.

మీ కంపెనీలో నువ్వు రోజూ చేసే పని ఇదే కదా, వేలకొద్దీ మెయిళ్ళు పంపడం. స్క్రిప్టు కింద అతికించాను. ఏం చెయ్యాలో చెప్పు.

అక్క

నా గది
మార్చి 5

అక్కా,

ఆరు నెలల తర్వాత రాస్తూ "ఎలా ఉన్నావు" అన్న ముక్క కూడా లేదు. బాగానే ఉన్నాను, అడిగినందుకు సంతోషం.

నీ జబ్బు చాలా చిన్నది. మెయిలంటే కవరు లాంటిది. లోపలున్నది మామూలు రాతా, అలంకరించిన పేజీయా అన్నది కవరు మీద రాసి ఉండాలి. మీ ఆపరేటరు 'ప్లెయిన్' అని రాసి పోయాడు. అందుకే నీ మెయిలు అలంకారాన్ని కూడా అక్షరాలనుకుని ఉన్నదున్నట్టు చూపించింది. పదిహేడో లైనులో 'ప్లెయిన్' కొట్టేసి 'హెచ్‌టీఎంఎల్' అని పెట్టు. అంతే. ఇంత దానికి నలుగురి చేత నవ్వించుకున్నావు. చిన్నప్పుడు నాకు ఎక్కాలు నేర్పింది నువ్వేనంటే ఎవరూ నమ్మరు.

అన్నట్టు, పోయిన ఆదివారం పిన్ని దగ్గరికి వెళ్ళాను. నువ్వు మేడ మీద ఆఫీసులో, ఆవిడ కింద చెకింగ్ బల్ల దగ్గర. ఏడేళ్ళుగా ఒకే గేటులోంచి వెళ్తారు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మనల్ని పెంచిన మనిషి కదా, ఒక్కసారి మెట్లు దిగితే అరిగిపోతావా?

నా చొక్కా బొత్తం ఊడితే కుట్టి ఇచ్చింది. చూస్తే బొత్తం తిరగేసి ఉంది. గట్టిగా నిలదీశాక బయటపడింది. ఎడమ కన్ను పూర్తిగా, కుడి కన్ను సగం పోయిందట. బల్ల దగ్గర చేత్తో తడిమి పని చేస్తోందట. అలాగే రెండేళ్ళు దాచిపెట్టింది. ఇంతవరకూ ఆవిడ చేతిలోంచి వెళ్ళిన ఒక్క చొక్కా వెనక్కి రాలేదని గర్వం కూడానూ! "ఎవరికీ చెప్పకురా, పని ఊడుతుంది" అని చేతిలో చెయ్యి వేయించుకుంది. నీకు చెప్తే పరాయివాళ్ళకి చెప్పినట్టు కాదులే.

తమ్ముడు

ఆఫీసు
మార్చి 9

పంతులూ,

ఆ ఒక్క మాట మార్చగానే మంత్రం వేసినట్టు కుదిరింది. పేరు లావుగా వచ్చింది, పేరాలు విడిపోయాయి. మేనేజరు అద్దంలోంచే తలూపాడు.

రెండు బాధలు మిగిలాయి. ఉత్తుత్తి రాత పెట్టి ఆఫీసువాళ్ళకి పంపి చూశాను. ఉత్తరం కొందరికి మామూలుగా వెళ్తోంది, కొందరికి తెలుగు అక్షరాల బదులు వరసగా ప్రశ్నార్థకాలు వెళ్తున్నాయి. ఫ్యాక్టరీ గుర్తు పైన పెట్టాను. నా కంప్యూటర్లో చక్కగా ఉంది, వేరేవాళ్ళకి ఖాళీ గడి, అందులో చిన్న ఇంటూ గుర్తు.

పిన్ని సంగతి చదివాను. నోట్లో నువ్వుగింజ నానదు నీకు, అది మాత్రం మారలేదు. అంత ముదిరేదాకా ఎందుకు ఊరుకుంది? డాక్టరుకి చూపించిందా? కాగితం ఏమైనా ఉందా? ఏ తేదీది? నేనే వెళ్ళి అడగాలంటే మొహం చెల్లదు. నువ్వే వివరంగా రాయి.

అక్క

నా గది
మార్చి 12

అక్కా,

ప్రశ్నార్థకాలకి మందు: అక్షరాల పద్ధతి ఏదో కవరు మీద రాయలేదు కాబట్టి, ఎదుటి మెయిలు తనకి తోచినట్టు చదువుకుంటోంది. 'యూటీఎఫ్-8' అని చెప్పాలి. ఎక్కడ చెప్పాలో గుర్తు పెట్టి పంపుతున్నాను. ఇక ఫ్యాక్టరీ గుర్తు. ఆ బొమ్మ నీ కంప్యూటర్లో ఉంది. చదివేవాళ్ళ ఫోనుకి నీ కంప్యూటరు ఏం తెలుసు? మా బీరువాలో ఉన్న చొక్కా నిన్ను తొడుక్కోమన్నట్టుంది. బొమ్మని మెయిలు లోపలే పెట్టి కట్టాలి. అదీ చేసి ఇచ్చాను.

నువ్వు పిన్ని గురించి అడగడం చూసి నిజంగా కడుపు నిండింది. డాక్టరు కాగితం పోయిన వానాకాలానిది, ఫొటో తీసుకున్నాను, పంపుతున్నాను. ఎడమ కన్ను ఇక రాదట. కుడిది ఆపరేషన్ చేస్తే నిలబడొచ్చట. సెలవు పెడితే అనుమానం వస్తుందని ఆవిడ భయం. నువ్వు ఆఫీసులో ఉన్నావు కదా, సెలవు సంగతి గుట్టుగా ఏమైనా చూడగలవేమో. నేనడిగానని చెప్పకు.

తమ్ముడు

ఆఫీసు
ఏప్రిల్ 2

పంతులూ,

ఉత్తరం ఇప్పుడు అచ్చు వేసినట్టుంది. చివరి సాయం ఒకటి చేసి పెట్టు.

ఉత్తరం చివర 'రిమార్కు' అని ఒక పేరా ఉంటుంది. మేనేజరు తన ప్రతి తెరిచినప్పుడు అది కనబడాలి. అదే ఉత్తరం మనిషికి వెళ్ళినప్పుడు కనబడకూడదు. రెండు ఉత్తరాలు విడిగా పెట్టుకుంటే ఒకదాంట్లో దిద్దింది రెండోదాంట్లో మర్చిపోతున్నాను. దాచిపెట్టే ఉపాయం ఏదో ఉంటుందిగా? మొత్తం ఫోల్డరు పంపుతున్నాను. పట్టిక తెరవకు, దాంతో నీకు పని లేదు.

సెలవు సంగతి చూస్తున్నాను.

అక్క

నా గది
ఏప్రిల్ 4

అక్కా,

తెరవకు అన్నావు కాబట్టి తెరిచాను.

అరవై నాలుగు పేర్లు. ఉత్తరం మొదటి వాక్యం, "మీ సేవలు ఇకపై అవసరం లేవని తెలియజేయుటకు చింతిస్తున్నాము." నెల రోజులుగా నేను తళతళా తోమి ఇస్తున్నది ఈ కత్తినా?

రిమార్కులు చదివాను. "కాళ్ళ నొప్పులు, మాటిమాటికీ బాత్రూముకి వెళ్తుంది." "మొగుడు తాగుబోతు, దెబ్బలు తిని సెలవు పెడుతుంది." ఇవి రాసిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు, పక్కన కూర్చుని ఎక్కాలు దిద్దించుకున్నాను.

నలభై ఒకటో వరుస పిన్నిది. "ఎడమ కన్ను పూర్తిగా, కుడి కన్ను సగం పోయింది. చేత్తో తడిమి పని చేస్తోంది. రెండేళ్ళు దాచిపెట్టింది." నా వాక్యాలే. చివర 'ట'లు తీసేశావు, అంతే. డాక్టరు కాగితం ఫొటో కూడా ఆ ఫోల్డర్లోనే ఉంది.

ఆ వరుస తీసెయ్ అక్కా. అరవై మూడు మందిని పంపినా మీ మేనేజరు చల్లబడతాడు. ఈ ఒక్కసారికి నీ కాళ్ళు పట్టుకుంటాను.

తమ్ముడు

ఇల్లు
ఏప్రిల్ 7

తమ్ముడూ,

కాళ్ళు వదులు. లేచి కూర్చుని చదువు.

నాకు పదహారేళ్ళప్పుడు పదో తరగతి ఫలితాలొచ్చాయి. బడి మొత్తానికి రెండో మార్కు. మర్నాడు పొద్దున్నే పిన్ని నన్ను కుట్టు మిషను దగ్గర కూర్చోబెట్టింది. "ఇద్దర్నీ చదివించలేనే. వాడు మగపిల్లాడు, నువ్వెలాగూ కుట్టుకుని బతుకుతావు" అంది. ఒక్కసారి కూడా గొంతు తగ్గలేదు. నువ్వు గడప మీద కూర్చుని బిస్కెట్లు తింటున్నావు. నా చదువు నీ కంప్యూటరు చదువైంది. ఆ చదువుతో ఇప్పుడు నువ్వు నాకు "ఇంత దానికా" అని పాఠాలు చెప్తున్నావు.

కుట్టు నుంచి గుమాస్తా బల్ల దాకా నేనొక్కదాన్నే పాకాను. పధ్నాలుగేళ్ళు పట్టింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కరోజైనా "తప్పు చేశానే" అనలేదు. అనుంటే నలభై ఒకటో వరుసలో ఇంకెవరో ఉండేవాళ్ళు.

ఆవిడకి కళ్ళు కనబడవు. ఆ పని కళ్ళతో చేసేది. ఇందులో అబద్ధం ఏముంది? గుట్టు నిలబెట్టుకోలేకపోయింది నువ్వు. నన్నెందుకు అంటావు?

దాచే ఉపాయం చెప్తావా, లేదా? చెప్పకపోతే వేరేవాణ్ణి అడుగుతాను.

అక్క

నా గది
ఏప్రిల్ 15

అక్కా,

వారం ఆలోచించాను. నువ్వన్నదాంట్లో తప్పు లేదు. జరిగేది ఎలాగూ జరుగుతుంది, నావల్ల ఆగేది కాదు.

ఉత్తరం పై భాగంలో, అంటే తల భాగంలో, ఒక చిన్న స్టైల్ రాశాను. 'రిమార్కు' అని పేరున్న పేరా ఎక్కడున్నా దాన్ని దాచేస్తుంది. మేనేజరు ప్రతికి ఆ రెండు లైన్లు తీసేస్తే చాలు, కనబడుతుంది. నీ ఆఫీసు కంప్యూటర్లో తెరిచి చూసుకో. అందులో సరిగ్గా ఉంటే అన్నిట్లోనూ సరిగ్గా ఉన్నట్టే.

పంపే రోజు చెప్పు. పిన్నికి నేనేం చెప్పను. నువ్వు చెప్పొద్దన్నా, అనకపోయినా.

ఆరోగ్యం జాగ్రత్త.

తమ్ముడు

ఆఫీసు
ఏప్రిల్ 24

పంతులూ,

నిన్న మధ్యాహ్నం పంపాను. అరవై నాలుగూ వెళ్ళాయి. అక్షరాలన్నీ వచ్చాయి, ఫ్యాక్టరీ గుర్తు మెరిసింది.

నువ్వు చెప్పినట్టే ఆఫీసు కంప్యూటర్లో చూశాను. రిమార్కు కనబడలేదు. కానీ నీ ఉత్తరంలో "ఆరోగ్యం జాగ్రత్త" అని ఉంది చూడు, అక్కడ నాకు చురుక్కుమంది. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నాకా మాట రాయలేదు. ఫోన్లో తెరిచాను. పేరా మొత్తం పట్టపగల్లా కనబడుతోంది. రెండు రోజులు అక్కడా ఇక్కడా చదివితే తెలిసింది. చాలా ఫోన్లు ఉత్తరం తలని కోసి పారేసి ఒంటిని మాత్రమే చూపిస్తాయట. తలలో పెట్టిన స్టైల్ తలతోనే పోతుందట. రోజుకి పదివేల మెయిళ్ళు పంపేవాడివి, ఇది నీకు తెలియదూ? పనివాళ్ళందరూ చూసేది ఫోన్లలోనే. అందరూ రిమార్కులు చదవాలి, ఫ్యాక్టరీ భగ్గుమనాలి, నా ఉద్యోగం పోవాలి, పిన్నికి నేను చేసిన పని తెలియాలి. అంతేగా?

నేను దిద్దలేదు. అలాగే పంపాను. నలభై ఒకటో వరుసలో మాత్రం చివర ఒక వాక్యం చేర్చాను. "సమాచారం ఇచ్చినది: ఆమె పెంచిన అబ్బాయి, ఉత్తరం ద్వారా."

భోజనాల వేళకి మెట్లు దిగాను. దిగమన్నావుగా. బల్లల మీద ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగాయి. పిన్ని తన ఫోను మొహానికి ఆనించుకుని చూసింది, తర్వాత పక్క బల్ల పొడుగుపిల్లకిచ్చి "ఏముందో చదివి పెట్టమ్మా" అంది. ఆ పిల్ల గట్టిగా మొదలుపెట్టింది. రిమార్కు దాకా వచ్చి ఆగింది.

"ఆగావేం?" అంది పిన్ని.

"ఇంకేం లేదు పెద్దమ్మా."

"ఊపిరి బిగబట్టావు, ఇంకా ఉంది. చదువు."

చదివింది. చివరి వాక్యం కూడా. చుట్టూ పదిమంది. పిన్ని చెయ్యి బల్ల మీద చొక్కా మీదే ఉంది. ఆ చొక్కా కాలరు కుట్టంతా చివరిదాకా తడిమి, మడత పెట్టి, బాగున్నవాటిలో పెట్టి లేచింది.

మేనేజరు అరిచాడు. నీ ఏప్రిల్ 15 ఉత్తరం చూపించాను. "బయటి నిపుణుడి సలహా" అన్నాను. మీ కంపెనీకి రాస్తానన్నాడు. నా ఉద్యోగానికి ఢోకా లేదు. క్షమాపణ మెయిలు కూడా నన్నే రాయమన్నారు.

ఇరవై రెండో వరుస గుర్తుందా, దెబ్బలు తినే ఆవిడ? ఆవిడ ఫోను మొగుడి దగ్గరే ఉంటుందట. ఇవాళ జీతం కాగితాల మీద సంతకానికి వచ్చింది. ఒక కన్ను మూసుకుపోయి ఉంది, పెదవి చిట్లింది. దాంట్లో సగం నీది, సగం నాది. పంచుకుందాం.

అక్క

నా గది
మే 6

అక్కా,

నా ఉద్యోగం పోయింది. అది చెప్పడానికి రాయడం లేదు.

పిన్ని దగ్గరికి వెళ్ళాను. తలుపు తీసి పక్కకి జరిగింది. మంచినీళ్ళు ఇచ్చింది. ఫోను నా చేతికిచ్చి, "ఆ పిల్ల గబగబా చదివేసింది. నువ్వు నెమ్మదిగా చదువు" అంది. చదివాను. చివరి వాక్యం వదిలేశాను.

"అది కూడా," అంది.

చదివాను.

పిన్ని అంది. "దాని చదువు నేను మాన్పించాను. దానికి నా మీద కోపముంది, అదెప్పుడూ దాచలేదు. నీకేం తక్కువ చేశాన్రా?"

 నీ మీద పగ తీర్చుకుందామనుకున్నానని చెప్పాను. నవ్వింది. "మీ ఇద్దరి మధ్య నేను మెట్టునయ్యానా" అంది.

తర్వాత, "ఈ ఉత్తరానికి జవాబు రాయాలి. పంపింది అదేగా. నేను చెప్తాను, నువ్వు కొట్టు" అంది. పదిహేను లైన్లు చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగి మొహం తుడుచుకుంది. అంతా నీకే. ఫ్యాక్టరీ మాట, ఉద్యోగం మాట ఒక్కటి లేదు. నీకు పదహారేళ్ళప్పటి సంగతులు ఉన్నాయి. నాకు తెలియనివి కూడా.

పంపాను. నిమిషంలో వెనక్కి వచ్చింది. మీ స్క్రిప్టు ఉత్తరాలు పంపే చిరునామాకి పంపడమే తప్ప అందుకోవడం లేదు. జవాబులకి వేరే చిరునామా పెట్టాలని నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

"వెళ్ళిందా?" అంది పిన్ని.

"వెళ్ళింది," అన్నాను.

నీ సొంత చిరునామాకి పంపడం నాకు చేతకాక కాదు. ఆ పదిహేను లైన్లూ ఒకటికి రెండుసార్లు చదివాను. నువ్వు ఇన్నేళ్ళు దేనికోసం కాచుక్కూర్చున్నావో నాకిప్పుడు తెలుసు. ఆవిడ బయటికి వెళ్ళినప్పుడు తుడిచేశాను. పిన్ని ఫోన్లోనూ లేదు, నా దగ్గరా లేదు. నా తలలో ఉంది. నీకు చెప్పను.

తమ్ముడు

ఇల్లు
మే 8

ఒరేయ్,

అబద్ధం. ఆవిడ అలాంటివి చెప్పే మనిషి కాదు. నన్ను ఏడిపించడానికి అల్లావు.

అల్లావు కదూ?

అక్క

ఇల్లు
మే 19

తమ్ముడూ,

ఆ తర్వాత ఇంకొకటి కూడా రాశాను, దేనికీ జవాబు లేదు. నిన్న పిన్ని ఇంటికి వెళ్ళాను. ఆ గడప తొక్కి తొమ్మిదేళ్ళయింది. "ఎవరు?" అంది. "నేనే," అన్నాను. తలుపు మీద చెయ్యి అలాగే పెట్టి నిలబడింది.

"నాకేదో రాయించావట" అన్నాను.

"చదివావా?" అంది. ఆ అడగడంలో ఎంత ఆశ ఉందో నీకెలా చెప్పను.

"నాకు అందలేదు పిన్నీ. మళ్ళీ చెప్పు."

"వాడు వెళ్ళిందన్నాడే," అంది. కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "అదంతా ఎలా వచ్చిందో వచ్చింది. మళ్ళీ చెప్పమంటే నావల్ల కాదే. ఇంటికి వెళ్ళు" అంది. ఒక్క ముక్క చెప్పమన్నాను. తల అడ్డంగా ఊపింది. కోపం లేదు. అలిసిపోయింది, అంతే. కుడి కన్ను కూడా పోతోంది. నన్ను చూస్తూ నా పక్కనున్న గోడతో మాట్లాడింది.

మీ పాత కంపెనీకి మేనేజరు రాసిన ఉత్తరం వెనక్కి తీయిస్తాను. తప్పు నాదేనని సంతకం పెట్టి ఇస్తాను. ఏం చెయ్యమంటే అది చేస్తాను.

పదిహేను లైన్లూ వద్దు. నా చదువు మాట అందులో ఉందా? "తప్పు చేశాను" అన్న మాట ఉందా? అవునని ఒక్క ముక్క రాయి చాలు.

అబద్ధమైనా పర్వాలేదు.

అక్క